కుటుంబ దీపిక: తక్కువ డబ్బుతో ఇంటికి కంప్యూటరు



లూకా సువార్త 14వ అధ్యాయములోని గోపురపు ఉపమానము మనమెరిగినదే. ఆ ఖర్చు లెక్క ఈ నెల కంప్యూటరుకు వేసి చూద్దాము.

మన రెడ్డిగూడెం, నూజివీడు ప్రాంతములలో మామిడికాయ డబ్బు చేతికి వచ్చేదీ, పిల్లల కాలేజీలు తెరిచేదీ ఇంచుమించు ఒకే కాలము. పురుగుమందుల కొట్టు బాకీ, ఫీజులు పోను మిగిలినదే కంప్యూటరుకు. అది మధ్యలో పాడైతే మరల వచ్చే కాపుదాకా ఆగవలసిందే. కాబట్టి విడిభాగాలు కొని కూర్పించుకొనేవారు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో ముందుగా తెలిసికొనాలి.

షాపులో మొదట ప్రాసెసరు పేరే గొప్పగా చెప్తారు. పాఠాలు చూచుటకు, టైపు చేయుటకు, ప్రోగ్రాములు నేర్చుకొనుటకు మధ్యరకము చాలు. ఇంటెల్ ప్రాసెసరు నంబరు చివర ‘ఎఫ్’ అని ఉంటే ధర కొంచెము తక్కువే గాని, తెర మీద బొమ్మ రావాలంటే వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. చవక అనుకొన్నది అక్కడ ప్రియమవుతుంది. ర్యామ్ 8 జీబీ తక్కువ కాకూడదు. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి గనుక, ఇప్పటికి ఒక్కటే ముక్క వేయించి, రెండవ గాడి ఖాళీగా ఉంచుకొంటే తరువాత పెంచుకొనవచ్చును. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 పట్టదు, ఇది మరువవద్దు. పాత హార్డ్ డిస్కుకు బదులు చిన్నదైనా ఎస్.ఎస్.డి. వేయిస్తే తేడా పిల్లలే చెప్తారు.

ఇక ఎస్.ఎమ్.పి.ఎస్. సంగతి. దీనిని ఎవరూ అడగరు. పెట్టె లోపల ఉంటుంది, కనబడదు. తోటల్లో మోటార్లు అన్నీ ఒక్కసారి వేసినప్పుడు మన ఇళ్ళలో బల్బు ఎట్లు మసకబారుతుందో చూస్తున్నాము కదా! ఆ దెబ్బ మొదట తగిలేది దీనికే. మా ఇంట పెట్టెతో కలిపి ఇచ్చిన చవకరకము ఒక వేసవి సాయంత్రము కాలిపోయి, మదర్ బోర్డును కూడా తనతో తీసికొనిపోయింది. మేము మిగిల్చినది కొన్ని వందలు, పోయినది వేలు. ‘80 ప్లస్’ ముద్ర ఉన్నది అడగండి. అది కరెంటు వృథా తక్కువని చెప్పే ముద్రే, గట్టితనానికి హామీ కాదు. అందుచేత పేరున్న కంపెనీయా, వారంటీ ఎన్నేళ్ళు అన్నది కూడా చూడాలి. చిన్న యు.పి.ఎస్. ఉంటే కరెంటు పోయినప్పుడు వ్రాసినది భద్రపరచుకొనే వ్యవధి దొరుకుతుంది. గోడ ప్లగ్గుకు ఎర్తు ఉన్నదో లేదో కరెంటు పనివానితో చూపించండి.

పెట్టెకు రంగు దీపాలు, అద్దపు తలుపు అక్కరలేదు. అబ్బాయిలు అలుగుతారు, అలగనివ్వండి.

అంత డబ్బు లేనివారు ఆఫీసులలో వాడి తీసివేసిన కంప్యూటర్లు చూడవచ్చును. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరము గాని, ఆ పైది గాని కావాలి. అంతకు పాతది తక్కువకు వస్తే ఉచితముగా దొరికే లినక్స్ వేయించుకొనండి.

ఏది కొన్నా బిల్లు మీద ఒక్కొక్క భాగము సీరియల్ నంబరు వ్రాయించుకొని, ఆ కాగితము ఇంటి పత్రాలతో దాచండి.