పాటకు ఆస్కార్, పలకకు గుమ్మం బయట చోటు

2023 పాటల సంవత్సరం అని అందరూ అంటున్నారు. మేమూ కాదనం. జనవరిలో గోల్డెన్ గ్లోబ్, మార్చిలో ఆస్కార్. కీరవాణి బాణీ, చంద్రబోస్ మాటలు, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవల గొంతులు ప్రపంచమంతా తిరిగి వచ్చాయి. ఒక భారతీయ సినిమా పాటకు ఆస్కార్ రావడం ఇదే మొదటిసారి. మార్చి 13 పొద్దున మేము బాగేపల్లి బస్టాండులో ఉన్నాం. టీ అంగట్లో, ఆటో స్టాండులో, స్కూలు పిల్లల చేతుల్లో, ఎక్కడ చూసినా 'నాటు నాటు'. చిక్కబళ్ళాపురం వాళ్లకైతే ఆ పాట మీద ఇంకొంచెం ఎక్కువ హక్కు ఉన్నట్టే. 'ఆర్‌ఆర్‌ఆర్' విడుదలకు వారం ముందు, 2022 మార్చి 19న, ఆ సినిమా పెద్ద సభ జరిగింది మన ఊరిలోనే. అప్పటి ముఖ్యమంత్రి బసవరాజ బొమ్మై కూడా వచ్చారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బోర్డుల మీద కన్నడం, తాలూకా ఆఫీసులో కన్నడం. ఇలా బతికే మన పిల్లలకు, ఇంట్లో మాట్లాడే భాష లాస్ ఏంజిల్స్ వేదిక మీద వినపడటం చిన్న సంగతి కాదు. మేమూ చప్పట్లు కొట్టాం.

ఆ చప్పట్ల మధ్య ఒక పేరు వినపడకుండా పోయింది. జనవరి 25న కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ జాబితా ప్రకటించింది. కళల విభాగంలో కీరవాణి గారి పేరుంది. అదే జాబితాలో, అదే విభాగంలో, మన జిల్లా మనిషి పేరూ ఉంది: నాడోజ పిండిపాపనహళ్ళి మునివెంకటప్ప. శిడ్లఘట్ట తాలూకా. ఏడు పదులు దాటిన తమటె కళాకారుడు. యువకుడిగా ఉన్నప్పుడు చేతికెత్తుకున్న తమటెను ముసలితనం దాకా దించని మనిషి.

మేము వెళ్ళిన ప్రతి సంఘంలోనూ అడిగి చూశాం. ఆస్కార్ సంగతి తెలియని పిల్లవాడు లేడు. మునివెంకటప్ప గారి పేరు విన్నవాళ్ళు మాత్రం చేతివేళ్ళకు సరిపోయారు. చింతామణిలో ఒక యువకుడు, చదువుకున్నవాడే, "తమటెకు కూడా పద్మశ్రీ ఇస్తారా అయ్యగారూ?" అని అడిగాడు. అతని తాత తమటె కొట్టేవాడు. ఆ ప్రశ్నలో ఆశ్చర్యం సగం, సిగ్గు సగం ఉన్నాయి. ఈ వ్యాసం ఆ సిగ్గు గురించి.

కన్నడంలో తమటె అంటారు, మన ఇళ్ళలో పలక అంటాం, తెలంగాణలో డప్పు. గుండ్రటి చట్రం, దాని మీద బిగించిన తోలు, రెండు పుల్లలు. కొట్టే ముందు గడ్డి మంట దగ్గర కాచాలి, లేకపోతే తోలు పలకదు. ఊళ్ళో జాతరకు అది కావాలి, చావుకు కావాలి, చాటింపుకు కావాలి. కొట్టేవాడు మాత్రం గుడి మెట్ల దగ్గర ఆగిపోవాలి. పిలిస్తే రావాలి, రాననడానికి లేదు. ఇచ్చింది తీసుకోవాలి, ఇంత అని అడగడానికి లేదు. మన తాతలకు పలక వాయిద్యం కంటే ముందు వెట్టి.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట, మేము బాగేపల్లి తాలూకాలో ఒక పల్లెకు కాపరిగా కొత్తగా వెళ్ళిన రోజుల్లో, ఒక పెద్దాయన ప్రభువు నందు నిద్రించాడు. జీవితమంతా పలక కొట్టినవాడు, ముసలితనంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయనతో కలిసి కొట్టిన నలుగురు పక్క ఊళ్ళ నుంచి వచ్చి, వీధి మలుపులో గడ్డి మంట వేసి పలకలు కాస్తున్నారు. మేము వెళ్ళి ఆపేశాం. క్రైస్తవుని భూస్థాపనలో పలక ఏమిటి, సాక్ష్యం పోతుంది అన్నాం. వాళ్ళు ఎదురు చెప్పలేదు. మంట ఆర్పేశారు. పలకలు బోర్లించి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సమాధి దాకా మౌనంగా వెనక నడిచారు. మేము స్పీకరు పెట్టి పాటలు పాడించాం. తనను పలక దెబ్బతో సాగనంపమని పెద్దాయన ఇంట్లో చెప్పి ఉన్నాడని మాకు తెలిసింది మూడో రోజు. అప్పటికి చేయగలిగింది ఏమీ లేదు.

ఆయన మనవడు ఇప్పుడు మా ఆరాధనలో రిథమ్ ప్యాడ్ వాయిస్తాడు. మంచి చెయ్యి. ఆ ప్యాడ్‌లో డప్పు శబ్దం కూడా ఉంది, బటన్ నొక్కితే వస్తుంది. ప్రతి ఆదివారం వింటాం, ఎవరూ అభ్యంతరం చెప్పరు. తోలు లేదు, మంట లేదు, కాబట్టి కులం కూడా లేనట్టే. శబ్దం లోపలికి రావచ్చు, వాయిద్యం రాకూడదు, దాన్ని మోసినవాడు అసలే రాకూడదు. ఇదెక్కడి న్యాయమని మమ్మల్ని మేము అడుక్కోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

వేదాంత కళాశాలలో చదువుకునేటప్పుడు ఒక చిన్న సంగతి తెలిసింది. దాని బరువు అప్పుడు తెలియలేదు. నిర్గమకాండం 15వ అధ్యాయంలో సముద్రం దాటిన తరువాత మిర్యాము చేతిలో పట్టుకున్నది హెబ్రీలో 'తోఫ్'. గుండ్రటి చట్రానికి తోలు బిగించిన చేతి వాయిద్యం. పలకకు దగ్గరి చుట్టం. మన తెలుగు బైబిలులో ఆ చోట 'తంబుర' అని ఉంది. మన ప్రాంతంలో తంబుర అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్ముకుని బతికిన నారాయణ తాతయ్య తెలుగులో తత్వాలు కట్టాడు. కన్నడ నేల మీద తెలుగు పాటకు ఆయన ఇచ్చిన గౌరవం మనమంతా గర్వపడదగ్గది. ఏటా గురుపూర్ణిమకు కైవారంలో పెద్ద సంగీతోత్సవం జరుగుతుంది. ఆ తత్వాలు పాడేవాళ్ళు చేత పట్టుకునేదే తంబుర, తీగల వాయిద్యం. అనువాదకులు ఏ ఉద్దేశంతో ఆ మాట వాడారో కానీ, ఫలితం ఇదీ: ఫరో దగ్గర వెట్టి చేసిన ప్రజలు విడుదలైన రోజు మోగించిన తోలు వాయిద్యం మన బైబిలులో కనిపించకుండా పోయింది. 150వ కీర్తనలోనూ అంతే. మన సండే స్కూలు పిల్లలకు మిర్యాము చేతిలో పలక లాంటిది ఉండేదని ఎవరూ చెప్పలేదు. మాకూ ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత మన పాటల పుస్తకాలు రాగం, తాళం పేర్లతో అచ్చయ్యాయి. పురుషోత్తమ చౌదరి గారి లాంటి భక్తులు గొప్ప కీర్తనలు ఇచ్చారు, వాటిని తక్కువ చేయడం లేదు. హార్మోనియం వచ్చింది, కీబోర్డు వచ్చింది, ఇప్పుడు ఫోనులో ట్రాక్ వస్తోంది. వీటిలో ఏదీ ఈ నేల మీద పుట్టింది కాదు, అయినా అన్నిటికీ తలుపు తెరిచాం. మందిరం నిండా కూర్చున్నవాళ్ళు ఏ వాడల నుంచి వచ్చారో ఆ వాడ వాయిద్యం ఒక్కటే బయట ఉంది. కొన్ని పల్లెల్లో క్రిస్మస్ ఊరేగింపుకు పలక కొడతారు, నిజమే. ఊరేగింపు మందిరం దగ్గరికి వచ్చేసరికి ఆపేస్తారు.

ఇక్కడి దాకా చదివి, పలకను లోపలికి తెస్తే సరిపోతుందని ఎవరైనా అనుకుంటే తొందరపడవద్దని మనవి. అవతలి వైపు కూడా న్యాయం ఉంది, అది బలమైన న్యాయం. మా సంఘంలో పెద్దల సభలో మేము ఈ మాట ఎత్తినప్పుడు ఒక పెద్దమ్మ లేచి అన్నది: "మా ఆయన ఆ పలక కొట్టి కొట్టే సచ్చిపాయె అయ్యగారూ. రాత్రనక పగలనక పిలిస్తే పోయేది, తాగిపిచ్చి పంపేది. యేసయ్య దగ్గరికి వస్తే ఆ సద్దు తప్పిందని కదా వచ్చినాం. మళ్ళీ దాన్ని ఈడికే తెస్తారా?" మా దగ్గర జవాబు లేదు. మన పెద్దలు పలకను వదిలింది సిగ్గుతోనే కాదు, తిరుగుబాటుతో కూడా. చర్మం ఒలవం, పలక కొట్టం అని ఊరికి చెప్పగలగడం వాళ్ళకు సువార్తలో భాగమే.

అయితే అదే పలకతో ఇంకో తిరుగుబాటు కూడా జరిగింది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టినప్పుడు ఆ ఉద్యమానికి జనం పెట్టుకున్న పేరు దండోరా. ఊరి పెద్దల మాట చాటడానికి కొట్టిన వాయిద్యంతోనే తమ మాట తాము చాటుకున్నారు. ఈ ఏడాది ఆగస్టు 6న కన్నుమూసిన గద్దర్ గారు కూడా డప్పును ఊరి చివర నుంచి సభ మధ్యకు తెచ్చినవారే. 1997లో జరిగిన కాల్పుల తూటా ఒకటి చివరి దాకా ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ఆయన రాజకీయాలన్నిటితో మేము ఏకీభవించం. కానీ ఆయన పాట వినకుండా మా తరంలో ఎవరూ సామాజిక న్యాయం అనే మాట నేర్చుకోలేదు. అంతకు ముందే, జూన్ 29న, ఇంకా నలభై నిండని సాయిచంద్ పోయాడు. తెలంగాణ పాటకు ఇది చెడ్డ సంవత్సరం.

చెడ్డ అని పూర్తిగా అనలేం. మార్చిలో వచ్చిన 'బలగం' సినిమాను పల్లెల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని చూశారు. ఆ సినిమా చివర ఏడిపించింది హీరో కాదు, బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య. తరతరాలుగా ఇంటింటికీ తిరిగి కథ చెప్పి బియ్యం అడుక్కున్న కులం. సినిమా చూసి ఏడ్చిన జనానికి కొద్ది రోజులకే తెలిసింది, మొగిలయ్య కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నాడని. ప్రభుత్వం, దాతలు ముందుకు వచ్చారు, మంచిదే. సినిమా రాకపోతే ఎవరు వచ్చేవారు?

ఈ ఏడాదిదే ఇంకో పాట సంగతి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ప్రధానమంత్రి గారి మాటలతో చిరుధాన్యాల మీద వచ్చిన పాట నవంబరులో గ్రామీ నామినేషన్ల జాబితాకెక్కింది. అదే సమయానికి కర్ణాటకలో 236 తాలూకాల్లో 223 కరువు తాలూకాలు. రాగి ముద్ద తిని బతికే మన జిల్లాలో వాన ముఖం చూడక రైతు దిగాలుపడ్డాడు. పాటను తప్పు పట్టడం లేదు. పాటకు పేరు వచ్చినంత సులువుగా పండించే చేతికి ఏదీ రాదన్నదే మా బాధ.

పలకకైనా అంతే. పద్మశ్రీతో వాయిద్యానికి గౌరవం వచ్చింది. వాయించేవాడికి రావలసింది వేరే ఉంది, అది రెండు వైపులా పదును ఉన్నది: కొట్టే హక్కు, కొట్టనని చెప్పే హక్కు. రెండోది లేని చోట మొదటిది కళ కాదు, వెట్టే. ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ చట్టం మన పల్లెలో జాతర రోజున గుర్తుకు రాదు. రాననడం ఎందుకంత కష్టమో బయటివాళ్ళకు అర్థం కాకపోవచ్చు, చింతామణి తాలూకా వాళ్ళకు అవుతుంది. 2000 మార్చి 11న కంబాలపల్లిలో ఏడుగురు దళితులను ఇంట్లో పెట్టి కాల్చేశారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ ఘోరానికి సరిగ్గా 23 ఏళ్ళు నిండిన మరుసటి రోజే లాస్ ఏంజిల్స్‌లో ఆస్కార్ సభ. మా ఫోనుకు ఆ రెండు రోజుల్లో వచ్చిన సందేశాల్లో కంబాలపల్లి పేరు ఒక్కదానిలోనూ లేదు. మేము పంపిన వాటిలోనూ లేదు.

అందుకని పలక గురించి మాట్లాడే ముందు కూలి గురించి మాట్లాడదాం. పెళ్ళికి డీజే పిలిస్తే అడ్వాన్సు ఇస్తాం, వ్యాను బాడుగ వేరే ఇస్తాం. పలక వాళ్ళకు భోజనం, ఒక సీసా, చేతిలో ఎంతో కొంత. మన విశ్వాసుల ఇళ్ళలోనూ ఇదే లెక్క, సీసా ఒక్కటి ఉండదు. క్రిస్మస్ ఊరేగింపుకు పిలిచినా ముందే రేటు మాట్లాడి, కీబోర్డు వాయించే తమ్ముడికి ఎంత ఇస్తామో అంతా ఇచ్చి, వాళ్ళతో పాటు ఒకే బంతిలో కూర్చుని తినాలి. రానని చెబితే ఎందుకని అడగకూడదు. ఊళ్ళో ఎవరైనా బలవంతం చేస్తే పోలీసు స్టేషనుకు తోడు వెళ్ళాల్సింది సంఘ కాపరే. ప్రార్థన చేస్తాం లే అని ఇంట్లో కూర్చుంటే కుదరదు.

మొన్న డిసెంబరు మొదటి వారంలో ఆ మనవడు మా దగ్గరికి వచ్చాడు. వాళ్ళ తాత పలక ఇంట్లో గోడకు వేలాడుతూ ఉండేదట, తోలు చిరిగిపోయింది. ఎక్కడో విచారించి కొత్త తోలు బిగించుకొచ్చాడు. మట్టల ఆదివారం ఊరేగింపుకు తెస్తాను అయ్యగారూ, మందిరంలోకి కూడా తేవచ్చా అని అడిగాడు. మాకు సంతోషమే, కానీ ముందు ఆ పెద్దమ్మను అడగమన్నాం. అడిగాడు. వద్దనీ అనలేదు, సరేననీ అనలేదట. పలకను చేతిలోకి తీసుకుని, తోలు మీద అరచేత్తో ఒకసారి నిమిరి, తిరిగి ఇచ్చేసింది. మట్టల ఆదివారానికి ఇంకా మూడు నెలలు ఉంది.