రాజుగారు తీయించిన లెక్క

కన్యాశుల్కం అనగానే మనకి గిరీశం గుర్తొస్తాడు, మధురవాణి గుర్తొస్తుంది. ఆ నాటకం ఎవరికి అంకితమో చాలామంది పట్టించుకోరు. నేనూ మొదటిసారి ఆ పేజీ తిప్పేసినవాణ్ణే.

అంకితం అందుకున్నది విజయనగరం మహారాజు ఆనంద గజపతి (1850-1897). కళాపోషకుడైన రాజు అంటే కవికి కనకాభిషేకం, గాయకుడికి శాలువా అనుకుంటాం. ఆ దాతృత్వంలో ఈయన తక్కువేం కాదు. మాక్స్ ముల్లర్ ఋగ్వేదం రెండో ముద్రణ 1890-92లో నాలుగు సంపుటాలుగా వచ్చింది ఈయన పోషణలోనే.

అయితే నాకు అంతకంటే గొప్పగా అనిపించే పని ఇంకొకటుంది. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లల్ని ఇచ్చిన పెళ్ళిళ్ళ జాబితా తీయించాడు. గురజాడ తన ముందుమాటలో ఆ లెక్క ఇచ్చారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు. ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు! చంటిపిల్ల ధర 350 నుంచి 400 రూపాయలు.

వేదాన్ని అచ్చు వేయించిన చెయ్యే, వేదం చదివే ఇళ్ళలో జరిగే బేరాన్నీ లెక్క కట్టించింది. నా దృష్టిలో అసలు పోషణ అదే. మన సంప్రదాయం గొప్పది అనడానికి డబ్బిచ్చేవాళ్ళు ఎప్పుడూ దొరుకుతారు. అందులో తప్పెంతో చూపించమని అడిగేవాళ్ళే అరుదు.

జమీందారీ సొమ్ము రైతు కట్టిన శిస్తేగా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, కాదనను. ఆ సొమ్ములో కొంత ఇలాంటి ప్రశ్నకి ఖర్చవడం మాత్రం మామూలు విషయం కాదు.

1892లో నాటకం విజయనగరంలో ఆడారు. అంకెలు చూసి కదలనివాళ్ళు కూడా బుచ్చమ్మని చూసి కదిలారనుకుంటాను. లెక్క లేకుండా కథ రాస్తే కల్పన అని కొట్టిపారేస్తారు. కథ లేని లెక్కేమో బీరువాలో ఉండిపోతుంది. గురజాడకి రెండూ దొరికాయి.

ఇప్పుడు మన సంగతి. ప్లేస్‌మెంట్లు రాగానే "నీ ప్యాకేజీకి కట్నం రేటెంత?" అని జోకులేసుకుంటాం. నేనూ నవ్వాను. శుల్కం దిశ మారింది, బేరం మారలేదు. మన బ్యాచ్‌లో ఎన్ని ఇళ్ళల్లో ఆ జోకు నిజమవుతోందో పేర్లు లేకుండా ఒక్కసారి లెక్క తీద్దామా? దానికి మహారాజు అక్కర్లేదు, ఒక గూగుల్ ఫారం చాలు.