మేత గింజకున్న అండ పప్పు గింజకు ఏది?

మాది పర్చూరు వైపు నల్లరేగడి ఊరు. 2022లో జిల్లాలు మార్చాక బాపట్ల జిల్లా అని రాసుకుంటున్నాం గానీ, మాటల్లో మేమింకా ప్రకాశం వాళ్ళమే. మా పొలం గట్టున ఒక పొడవాటి రేకుల షెడ్డు ఉంది. 2011లో బ్యాంకు అప్పు, బయటి అప్పు కలిపి కట్టాను. ఐదు వేల బ్రాయిలర్ కోళ్ళు పట్టే షెడ్డు. ఇప్పుడు అందులో కోళ్ళు లేవు. స్ప్రేయర్లు, మిరప పట్టాలు, తుప్పు పట్టిన నీళ్ళ తొట్లు ఉన్నాయి.

అప్పుడు మాకు చెప్పిన మాట ఇది: "పిల్ల మాది, మేత మాది, మందు మాది. పెంచి ఇవ్వడమే మీ పని. మార్కెట్‌తో మీకు సంబంధం లేదు." పత్తిలో పురుగుతో, మిరపలో రేటుతో విసిగిపోయిన మాకు ఆ మాట చెవికి ఇంపుగా వినపడింది. కేజీకి నాలుగైదు రూపాయలు పెంపకం కూలి. షెడ్డు మనది, కరెంటు బిల్లు మనది, ఊక మనది, రాత్రిళ్ళు కాపలా మనది. చచ్చిన కోళ్ళ లెక్క కూడా మన కూలిలోంచే కోత. 2015 మే నెలలో ఎండలకు మన రాష్ట్రంలో మనుషులే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ వారంలో మా షెడ్డులో రెండు రోజుల్లోనే పద్నాలుగు వందల కోళ్ళు పోయాయి. మా ఆవిడా నేనూ గుంట తీసి పూడ్చాం. ఆ బ్యాచ్‌కి చేతికి వచ్చింది కరెంటు బిల్లుకు కూడా చాలలేదు. అప్పు తీరడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది, అదీ మిరప డబ్బుతో.

ఈ కథ నా ఒక్కడిదే అయితే రాసేవాణ్ణి కాదు. మన ప్రాంతంలో ఇలాంటి ఖాళీ షెడ్లు మీరూ చూసే ఉంటారు. షెడ్డు కట్టేటప్పుడు అప్పు ఇవ్వడానికి అందరూ ఉన్నారు. అదే పొలంలో నేను వేసిన కందికీ, శనగకీ అలాంటి అండ ఎప్పుడైనా దొరికిందా? ఇదే నా ప్రశ్న.

లెక్క చూద్దాం. కేంద్రం 2020లో పశుసంవర్ధక మౌలిక వసతుల నిధి పెట్టింది. 15,000 కోట్లు. పాల కేంద్రాలు, మాంసం ప్రాసెసింగ్, మేత కర్మాగారాలు పెట్టే కంపెనీలకు కూడా మూడు శాతం వడ్డీ రాయితీ. 2024లో పాడి నిధిని కూడా కలిపి దాన్ని 29,610 కోట్లకు పెంచారు. పప్పుధాన్యాల మిషన్‌కు 2025 అక్టోబరులో ఆరేళ్ళకు 11,440 కోట్లు ఆమోదించారు. అది అప్పుల నిధి, ఇది ఖర్చు. రెండూ ఒకటి కావు, నాకు తెలుసు. కానీ పప్పుల మిషన్‌లో పూర్తిగా కొంటామన్నది కంది, మినుము, మసూర్ మాత్రమే. శనగ లేదు! మసూరు మన దగ్గర పండదు. మన నల్లరేగడిలో రబీకి దిక్కు శనగే.

ఇంకో సంగతి గుర్తు చేస్తాను. 2020 జూన్‌లో ఐదు లక్షల టన్నుల మొక్కజొన్న తక్కువ సుంకంతో దిగుమతికి అనుమతించారు. 2021లో సోయా ధర పెరిగి రైతు మొహాన కాస్త నవ్వు కనపడగానే, 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క తెప్పించుకోవడానికి అనుమతి ఇచ్చారు. కోళ్ళ మేత ఖరీదైందని కంపెనీలు అడిగాయి, ఢిల్లీ విన్నది. మేత గింజ పండించే రైతుకు కూడా ఈ వ్యవస్థలో మేలు లేదని దీన్నిబట్టి తెలియడం లేదా? ధర పడితే మన ఖర్మ, పెరిగితే దిగుమతి.

పప్పుల దగ్గరా అంతే. 2023 డిసెంబరులో పసుపు బఠాణీ మీద సుంకం తీసేశారు. కెనడా, రష్యా బఠాణీ ఓడల్లో దిగింది. శనగపిండిలో కలిసేది అదే, మన శనగ ధరను కిందికి లాగిందీ అదే. దాదాపు రెండేళ్ళ తర్వాత, 2025 నవంబరు నుంచి 30 శాతం సుంకం వేశారు. ఈలోపు కోల్డ్ స్టోరేజీలో బస్తా పెట్టుకున్నవాడు అద్దె కట్టాడు, వడ్డీ కట్టాడు. శనగ నిల్వలు కోల్డ్ స్టోరేజీల్లో పేరుకుపోవడం మనకు కొత్త కాదు, పదేళ్ళ కిందటి దెబ్బ ఎవరూ మరచిపోలేదు.

భూమి ఏమైందో కూడా చూడండి. డెల్టా మాగాణుల్లో వరి కోతకు ముందు మినుము చల్లేవాళ్ళం. పైసా ఖర్చు లేని పంట, ఇంటికి పప్పు, గొడ్డుకు కట్టె. పల్లాకు తెగులు, బంగారు తీగ వచ్చి మినుమును తినేశాయి. దాని చోట దుక్కి దున్నని మొక్కజొన్న వచ్చింది. దిగుబడి బాగుంది, కాదనను. కానీ యూరియా బస్తాలు ఎన్ని పెరిగాయో వేసినవాళ్ళకే తెలుసు. మినుము వేసినప్పుడు భూమికి నత్రజని వచ్చేది, ఇప్పుడు భూమి నుంచి పోతోంది. పండిన గింజలో చాలా భాగం కోళ్ళ మేతకు, ఈమధ్య ఇథనాల్‌కు వెళ్తోంది.

బ్రాయిలర్ కేజీ బరువు పెరగడానికి కేజీన్నరకు పైనే మేత తింటుంది. ఈకలు, పేగులు తీసేస్తే కేజీ మాంసానికి రెండు కేజీలకు పైగా గింజ పోయినట్టు. పప్పు గింజకు ఈ తరుగు లేదు. కందిపప్పులో మాంసకృత్తులు ఐదో వంతు పైనే. పత్తిలో నాలుగైదు సాళ్ళకు ఒక సాలు కంది వేస్తే, పత్తి పోయిన ఏడు కూడా ఇంట్లో ఏదో ఒకటి మిగిలేది. మన లాం ఫారం ఇచ్చిన ఎల్.ఆర్.జి. 41 కంది ఎంతమంది కడుపు నింపిందో మీకు తెలుసు. శనగ అయితే చలికాలం మంచుతో, నేలలో ఉన్న పదునుతో మూడు నెలల్లో పండుతుంది. 2021లో నల్ల తామర పురుగు మిరపను ఊడ్చేసినప్పుడు కొంతమందిని నిలబెట్టింది ఆ శనగే.

ఇక ఆరోగ్యం మాట. పెద్ద పెద్ద ఫారాల్లో గుడ్ల కోడికి కాగితం ముక్కంత చోటు కూడా ఇవ్వరు. దీని మీద 2017లో లా కమిషన్ 269వ నివేదిక ఇచ్చింది. అంత ఇరుకులో రోగం వస్తే ఆగదు. అందుకే మందులు. మనుషులకు చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను కోళ్ళకు మేపుతున్నారని 2019లో కేంద్రమే నిషేధించాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, కృష్ణా వైపు బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళను గుంటల్లో పూడ్చారు. ఆ మార్చిలో పల్నాడు జిల్లా రెండేళ్ళ పాప బర్డ్ ఫ్లూతోనే మంగళగిరిలో చనిపోయింది. ఆ పాపకు ఎక్కడి నుంచి అంటిందో చెప్పడానికి నేను డాక్టర్ని కాను. రోగం ఊరి పొలిమేర దాకా వచ్చిందని మాత్రం చెప్పగలను.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు: "అన్నా, అయితే కూర మానేయమంటావా? బడి పిల్లల గుడ్డు తీసేయమంటావా?" కాదు. ఆదివారం మా ఇంట్లోనూ కూర వండుతారు. పెరట్లో తిరిగే నాటుకోడి, బీడులో మేసే మేక, దొడ్డిలో ఒంగోలు ఎద్దు మన వ్యవసాయంలో భాగం. వాటి ఎరువు మన పొలానికే వస్తుంది. పేద పిల్ల పళ్ళెంలో గుడ్డు జోలికి ఎవరు వచ్చినా నేను ఒప్పుకోను. ఎవరి తిండి ఎవరిష్టం. నేను అడిగేది ప్రజల డబ్బు గురించి. అది కంపెనీ షెడ్డుకు, మేత మిల్లుకు పోవాలా, పప్పు, చిరుధాన్యం, కూరగాయ పండించే చిన్న రైతుకూ కౌలు రైతుకూ రావాలా?

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన ప్రకారం మనిషికి రోజుకు పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85 గ్రాములు కావాలి. నలుగురున్న ఇంటికి నెలకు పది కేజీలు. మన రేషన్ కార్డు మీద కందిపప్పు ఒక కేజీ. అది కూడా మా ఊరి డిపోలో కొన్ని నెలలు వస్తుంది, కొన్ని నెలలు రాదు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమ, ముతక ధాన్యాల పేర్లున్నాయి, పప్పు పేరు లేదు. ఒకవైపు తినేవాడికి పప్పు లేదు, ఇంకోవైపు పండించినవాడికి కొనుగోలు లేదు. ఈ రెంటినీ కలపడం ప్రభుత్వం పని కాదా? డెన్మార్క్ లాంటి పందుల పెంపకం దేశమే 2023లో మొక్కల ఆహారానికి జాతీయ ప్రణాళిక రాసుకుంది, దానికోసం నిధి కూడా పెట్టింది. మనకు కొత్తగా నేర్చుకోవాల్సింది కూడా లేదు. పప్పన్నం మన తాతల తిండే.

సంఘం ముందు నేను పెట్టే కోరికలు ఇవి.

ఒకటి, పూర్తి కొనుగోలు హామీలో శనగను చేర్చాలి. కోతల సమయంలోనే కొనుగోలు కేంద్రాలు తెరవాలి, కౌలు రైతు పేరు మీదే కొనాలి.

రెండు, రేషన్‌లో నెలనెలా పప్పు ఇవ్వాలి. బడులకు, హాస్టళ్ళకు, అంగన్‌వాడీలకు కావాల్సిన కంది, శనగ, రాగి, కొర్ర ఆ జిల్లా రైతుల దగ్గరే కొనాలి.

మూడు, మేత మిల్లుకిచ్చే వడ్డీ రాయితీ మండలానికొక పప్పు మిల్లు, గోదాము పెట్టుకునే రైతు సంఘాలకూ అందేలా చూడాలి.

నాలుగు, పప్పులు కోతకు వచ్చే నెలల్లో సుంకం లేని దిగుమతి ఆపాలి.

ఐదు, షెడ్లు కట్టి అప్పుల్లో ఉన్న కోళ్ళ రైతులను వదిలేయకూడదు. వాళ్ళు మన శత్రువులు కారు, నిన్నటి వరకు నేనూ వాళ్ళలో ఒకణ్ణే. చావుల నష్టం కంపెనీ కూడా మోసేలా ఒప్పందం ఉండాలి. మానుకుంటామన్నవారికి అప్పులో ఊరట ఇచ్చి, ఆ షెడ్డును గోదాముగానో, మిల్లుగానో మార్చుకోవడానికి సాయం చేయాలి.

మా షెడ్డు గోడలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. అందులో చిన్న పప్పు మిల్లు పెడదామని మా ఊరి కుర్రాళ్ళు నలుగురు అడుగుతున్నారు. బ్యాంకుకు వెళ్తే, కోళ్ళకైతే పథకం ఉంది, దీనికి చూడాలి అన్నారు. ఆ "చూడాలి" అన్న మాటను "ఇస్తాం" అనిపించే దాకా మనం అడగాలి. వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ ఐదు కోరికలు చర్చించి, తీర్మానం రాసి మండల కమిటీకి పంపండి.