పంచాయతీ గడప దాకా వచ్చిన తీగ

కిందటి వేసవిలో కర్ణాటక సరిహద్దు తాలూకాలలో ఒక పల్లెకు పెండ్లికని వెళ్ళాను. సాయంకాలం పంచాయతీ కార్యాలయం అరుగు మీద నలుగురైదుగురు పిల్లలు ఒకే చేతిఫోను చుట్టూ తలలు చేర్చి కూర్చున్నారు. సినిమా చూస్తున్నారేమోననుకొని దగ్గరికి వెళ్ళాను. తొమ్మిదవ తరగతి విజ్ఞానశాస్త్ర పాఠం అది, తెలుగులో. "ఇంటికాడ సిగ్నలు రాదు సార్, ఈ అరుగు మీదైతేనే వస్తుంది" అన్నది వారిలో పెద్దపిల్ల. వారి వీపు వెనుక గోడకు అవతల, తాళం వేసిన గదిలో, కేంద్ర ప్రభుత్వం వేయించిన ఆప్టికల్ ఫైబర్ తీగ ఒక పెట్టె దాకా వచ్చి ఆగిపోయి ఉన్నది. పెట్టె మీద దుమ్ము పేరుకొని ఉన్నది. అది చివరిసారి ఎప్పుడు పనిచేసిందో అక్కడి గుమాస్తాకు జ్ఞాపకం లేదు. బడి అక్కడికి రెండు వందల గజాల దూరం కూడా ఉండదు.

ఢిల్లీ నుండి వందల మైళ్ళు నడిచి వచ్చిన తీగ ఈ రెండు వందల గజాలు ఎందుకు నడవలేకపోయింది? దానిని నడిపించవలసిన వారెవరు? సరిహద్దులలోని తెలుగు కుటుంబాలన్నీ ఇప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఇదేనని నా నమ్మకం.

గ్రామ పంచాయతీలన్నింటికీ ఫైబర్ తీగ చేర్చాలన్న పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించింది. 2015లో దానికి భారత్‌నెట్ అని పేరు పెట్టారు. 2017 చివరికి మొదటి దశలో లక్ష పంచాయతీలు పూర్తయినట్లు ప్రకటించారు. ఆ తరువాత ఆ సంఖ్య రెండు లక్షలు దాటింది. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో సవరించిన పథకాన్ని మంత్రివర్గం ఆమోదించింది. లెక్కలు ఘనంగానే ఉన్నాయి. అయితే ప్రభుత్వ భాషలో "సేవకు సిద్ధం" అన్న మాటకు పెట్టె బిగించారనే అర్థం. ఊరివారు వాడుకుంటున్నారని కాదు. 2004లో 256 కిలోబిట్ల వేగం ఉంటే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు, 2013లో 512 అన్నారు, 2023లో 2 మెగాబిట్లు అన్నారు. నిర్వచనం పెరుగుతూ పోయింది. తాళం వేసిన గదిలో మాత్రం వేగం సున్నా.

ఇందులో పంచాయతీ చేయగలిగినదేమున్నదని కొందరంటారు. టెలిఫోను, తంతి వ్యవహారాలు రాజ్యాంగం ప్రకారం కేంద్రానివి, అది నిజమే. కాని 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ రాజ్యాంగానికి పదకొండవ షెడ్యూలును చేర్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాలు అందులో ఉన్నాయి. ప్రాథమిక, మాధ్యమిక విద్య, గ్రంథాలయాలు, సాంస్కృతిక కార్యక్రమాలు, రోడ్లు వాటిలోనివే. తీగ కేంద్రానిది కావచ్చు. అది చేరవలసిన బడి, గ్రంథాలయం, దాటవలసిన వీధి మాత్రం ఊరివి.

తీగ బతికి ఉండటం కూడా ఊరి చేతిలోనే ఉన్నది. తొలి దశలో మండల కేంద్రం నుండి పంచాయతీలకు తీగను దండలో పూసల వలె ఒకదాని వెంట ఒకటిగా కలిపారు. నడుమ ఎక్కడ తెగినా ఆ పైనున్న ఊళ్ళన్నీ చీకటే. సవరించిన పథకంలో దీనిని వలయంగా మార్చి, ఒకవైపు తెగినా రెండవవైపు నుండి సేవ అందేటట్లు చేయదలచారు. కాని తీగను తెంచేది చాలాసార్లు మన కాలువ పని, మన నీళ్ళ గొట్టాల పని. తవ్వేముందు తెలియజేయడానికి 2023 మార్చిలో "కాల్ బిఫోర్ యూ డిగ్" అనే యాప్‌ను కేంద్రం తెచ్చింది. గుత్తేదారు చేత దానిని వాడించవలసినది పంచాయతీయే. తీగకు దారి ఇచ్చే అనుమతుల కోసం వచ్చిన కొత్త నియమాలు 2025 జనవరి 1 నుండి అమలులో ఉన్నాయి. ఆ దరఖాస్తులను త్వరగా తేల్చవలసినది కూడా స్థానిక సంస్థలే.

చేయదలచుకున్నవారు చేసి చూపించిన దారులు ఇరుగుపొరుగునే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, 2017లో నెలకు 149 రూపాయలకే ఇండ్లకు కనెక్షను ఇవ్వజూపింది. తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల కోసం తవ్విన కందకాలలోనే ఫైబరుకూ చోటు చూసింది. కేరళ 2023 జూన్‌లో ప్రారంభించిన కేఫోన్‌లో తొలి విడతగా నియోజకవర్గానికి 100 పేద కుటుంబాల చొప్పున 14,000 ఇండ్లకు ఉచిత కనెక్షను తలపెట్టారు. ఆ కుటుంబాలను ఎంపిక చేసే పనిని స్థానిక సంస్థలకు అప్పగించారు. ఏ ఇంట్లో చదువుకునే బిడ్డ ఉన్నదో రాజధానికి తెలియదు, వార్డు సభ్యునికి తెలుస్తుంది. కర్ణాటకలోనే 2019లో పల్లె గ్రంథాలయాలను పంచాయతీలకు అప్పగించారు. వాటిలో అనేకం నేడు కంప్యూటర్లున్న "అరివు కేంద్రాలు".

ఇక మన సంగతికి వద్దాం. 1936లో ఒడిశా ఏర్పడినపుడు, 1953, 1956లలో రాష్ట్రాలను పునర్విభజించినపుడు, 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరినపుడు మన తాతలు ఇండ్లు కదల్చలేదు, గీతలే కదిలాయి. ఆ గీతల వలన శాసనసభలలో మనం అల్పసంఖ్యాకులమయ్యాము. మన బడికి పంతులు కావాలన్నా, పుస్తకం కావాలన్నా, మన గొంతు వినిపించనంత దూరాన ఉన్న రాజధానిని వేడుకోవలసి వచ్చింది. కాని గ్రామ పంచాయతీలో లెక్క తలక్రిందులవుతుంది. హోసూరు చుట్టుపక్కల, పావగడ, బాగేపల్లి వైపు, సిరొంచ దిక్కున, పర్లాకిమిడి పరిసరాలలో ఎన్నో పల్లెలలో ఓటర్లలో తెలుగువారిదే పైచేయి. అధ్యక్షుడు మనవాడే, సభ్యులు మనవారే. అన్ని ప్రభుత్వాలలో మనం ఎక్కువమందిమి ఉన్న ప్రభుత్వం ఇదొక్కటే. దానిని మనం ఇన్నాళ్ళూ వీధిదీపాలకు, మురుగుకాలువలకు మాత్రమే వాడుకున్నాము. నుడి కోసం వాడుకోలేదు.

ఆ తీగ బడికి చేరితే ఏమి వస్తుంది? కర్ణాటక పాఠ్యపుస్తక సంఘం తెలుగు మాధ్యమపు పుస్తకాలను అంతర్జాలంలో ఉంచుతుంది. అచ్చుపుస్తకం ఆలస్యమైనపుడు అది అక్కరకు వస్తుంది. 2017లో మొదలైన దీక్షా వేదికలో తెలుగు పాఠాలున్నాయి. తెలుగు వికీపీడియా 2003 నుండి పెరుగుతున్నది. పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో చిత్రాలుగా దొరుకుతున్నాయి. ఏ జిల్లా గ్రంథాలయంలోనూ మనకు ఇన్ని తెలుగు పుస్తకాలు ఎన్నడూ లేవు. 2020లో బడులు మూతపడినపుడు ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ద్వారా, తెలంగాణలో యాదగిరి, టీ-శాట్ ద్వారా పిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పారు. ఎల్ల ఇవతలి మన పిల్లల పాఠ్యప్రణాళిక వేరు, ప్రభుత్వం వేరు. అరువు తెచ్చుకున్న పాఠాలతో నెట్టుకొచ్చిన ఇండ్లు ఎన్నో నాకు తెలుసు.

అయితే ఒక మాట నిష్కర్షగా చెప్పాలి. తీగ వచ్చినంత మాత్రాన తెలుగు రాదు. అదే తీగ మీదుగా సినిమాలు, ఆటలు, ఆంగ్లం ముందుగా వస్తాయి. అంతకంటె పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉన్నది. "పాఠాలన్నీ తెర మీద ఉన్నాయి కదా, మీ బడికి తెలుగు ఉపాధ్యాయుడెందుకు?" అని రేపు ఒక అధికారి అడుగవచ్చు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన బడులు ఎట్లా చిక్కిపోయాయో చూసినవారికి ఈ భయం వృథా అనిపించదు. కనుక తీగ పంతులుకు తోడు కావాలే గాని బదులు కారాదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించమని రాష్ట్రాలకు, స్థానిక సంస్థలకు కూడా చెప్పిన 350-ఏ అధికరణం ఏ తీగతోనూ తీరిపోయేది కాదు. స్థానిక సంస్థల పేరు ఆ అధికరణంలోనే ఉన్నదన్న సంగతి మన పంచాయతీ పెద్దలలో ఎందరికి తెలుసు?

డబ్బేదీ అంటారు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధులలో 60 శాతం నీటికి, పారిశుధ్యానికి కట్టుబడినవి. తక్కిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప పదకొండవ షెడ్యూలులోని విషయాలపై ఊరి అవసరాన్ని బట్టి వెచ్చించుకోవచ్చునన్నారు. బడి, గ్రంథాలయం ఆ షెడ్యూలులోనివే. వాటికి అంతర్జాలం ఊరి అవసరమని గ్రామసభ తీర్మానిస్తే, కాదనేవారు కారణం చెప్పవలసి ఉంటుంది.

కనుక రాబోయే గ్రామసభకు వెళ్ళండి. తమిళనాడులో ఏటా ఆరు దినాలు గ్రామసభకు నిర్ణయించారు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 వాటిలో ఉన్నాయి. ఒడిశాలో పల్లిసభ నుండే మొదలుపెట్టండి. పెట్టె ఉన్న గది తలుపు తెరిచి దానికి కరెంటు ఇవ్వాలని, బడికి, గ్రంథాలయానికి, అంగన్‌వాడీకి తీగ లాగాలని, పంచాయతీ ప్రకటనలు తెలుగులోనూ ఉండాలని తీర్మానం కోరండి. జిల్లాలోగాని తాలూకాలోగాని జనాభాలో 15 శాతం మాట్లాడే భాషలో ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను వెలువరించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఏనాడో ఒప్పుకున్న రక్షణ. కాగితానికి వర్తించినది తెరకు వర్తించకుండా పోదు. అర్జీ తెలుగులోనే వ్రాయండి. 350వ అధికరణం ఆ హక్కునిచ్చింది. సమాధానం రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉండనే ఉన్నది. మా పంచాయతీలో తీగ ఏనాడు చేరింది, ఎన్ని నెలలు పనిచేసింది అన్న రెండు ప్రశ్నలు చాలు.

ఎన్నికైన సభ్యులే లేనిచోట ఈ దారి మూసుకుపోతుంది. యానాంలో 2006లో ఎన్నికైన పురపాలక సంఘం గడువు 2011లో ముగిసి, ఏళ్ళ తరబడి అధికారుల ఏలుబడే సాగింది. తమిళనాడులో కృష్ణగిరి, తిరువళ్ళూరు జిల్లాల పంచాయతీలు 2025 జనవరిలో ప్రత్యేకాధికారుల చేతికి వెళ్ళాయి. కాబట్టి సకాలంలో స్థానిక ఎన్నికలు జరగాలని అడగడం కూడా మన భాషోద్యమంలో భాగమే.

ఆ అరుగు మీది పెద్దపిల్ల ఈ ఏడు పదవ తరగతికి వచ్చి ఉంటుంది. ఆమె అడిగినది రాష్ట్రం కాదు, పదవి కాదు. తన నుడిలో ఒక పాఠం, దానిని చూడడానికి ఒక నీడపట్టు. ఆమెకూ ఆ తీగకూ నడుమ ఉన్నది ఒక గోడ, ఒక తాళం. తాళంచెవి మన ఊరిలోనే, మనం ఓటు వేసినవారి చేతిలోనే ఉన్నది. వెళ్ళి అడుగుదాం.