‘అట’ చాటున ఎవరు?

సినిమా గాసిప్ రాసేవాళ్ళకు తెలుగు భాష ఒక పెద్ద ఉపకారం చేసింది, ‘ట’ అనే ఒక్క అక్షరంతో. ‘విడిపోయింది’ అని రాస్తే నీకెవరు చెప్పారని అడుగుతారు. ‘విడిపోయిందట’ అంటే ఎవరూ అడగరు. అదీ చాలకపోతే ‘భోగట్టా’, ‘వినికిడి’, ‘ఫిలింనగర్ గుసగుస’ ఉండనే ఉన్నాయి. చెప్పినవాడికి పేరుండదు. ఎవరి గురించి చెప్పారో ఆ స్త్రీకి మాత్రం ఫోటో కూడా ఉంటుంది.

ఆమెను ఏమని పిలుస్తారో చూడండి: అమ్మడు, భామ, ముద్దుగుమ్మ. పదిహేనేళ్ళు నటించి ఇల్లు నిలబెట్టుకున్న మనిషి కూడా అమ్మడే. పెద్ద హీరో సినిమాకు సంతకం ‘చేశారు’, పక్క వాక్యంలో ఆమె ‘చేసింది’. వ్యాకరణం అలా ఉంది, మేమేం చేస్తామంటారు. ‘చేశారు’ అనే రూపం ఆడవాళ్ళకు నిషిద్ధమని ఏ వ్యాకరణంలో ఉంది?

ఈ రాత మన సొంతమేమీ కాదు. 1970లలో బొంబాయిలో దేవయాని చౌబల్ ‘స్టార్ అండ్ స్టైల్’లో, శోభా డే ‘స్టార్‌డస్ట్’లో ఇంగ్లీషులో హిందీ కలిపి, చెవిలో చెప్తున్నట్టు రాశారు. ఇద్దరూ స్త్రీలే, అంతమాత్రాన అది స్త్రీల పక్షం రాత కాలేదు. అయితే దేవయాని తన పేరుతోనే రాశారు. ఎదురెళ్ళి అడగడానికి ఒక మనిషి కనబడేది. ఇవాళ్టి వెబ్‌సైట్లకూ యూట్యూబ్ ఛానెళ్ళకూ ఆపాటి ముఖం కూడా చాలాసార్లు ఉండదు.

ఇక పాఠకులు. ‘పనీపాటా లేని ఆడవాళ్ళు చదువుతారు’ అని మన సమావేశాల్లోనే అంటుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. సింహాచలం కొండ దిగువన సంపెంగలు అమ్మే ఒకామె బేరం లేనప్పుడు ఫోన్‌లో ఇవే చదువుతుంది. తెల్లవారకముందు లేచే మనిషి. ఎందుకు చదువుతావని అడిగితే, ‘ఆలు కోట్లున్నోలు. ఆలకేటవుద్దమ్మా?’ అంది. నవ్వుకోవడానికి ఖర్చులేని చోటు అది.

కానీ ఆ చోటు ఆమె వీధిలోనే ఉంది. అక్కడి ఒక అమ్మాయి బట్టల షాపులో పనిచేసేది. రాత్రి ఎవరిదో స్కూటర్ మీద దిగిందట. ఎవరు చూశారో తెలియదు. నెల తిరగకుండా తల్లి ఆ పని మానిపించింది. కాలమ్ చదివి వీధి ఇలా తయారైందని నేననను. వీధి మాటనే కాలమ్ రంగులద్ది మళ్ళీ వీధికే అమ్ముతోంది అంటాను.

ఇంకో సంగతీ ఉంది. ‘ఆ మేస్త్రీ దగ్గరకు ఒంటరిగా పోకు, మంచోడు కాదట’ అని కూలికెళ్ళే ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటారు. పేరు పెట్టి గట్టిగా అంటే పని పోతుంది. ఆ ‘ట’ వాళ్ళకు రక్షణ. కాబట్టి గాసిప్ మీద నాకు కోపం లేదు, దాన్ని ఎవరి మీదకు తిప్పుతున్నారన్నదే నా తగాదా.

అవకాశం కోసం వచ్చిన అమ్మాయిలను ఎవరేమడుగుతారో సినిమా విలేఖరులకు తెలియదా? 2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి హైదరాబాదులో ఫిలిం ఛాంబర్ ముందు అర్ధనగ్నంగా కూర్చుంటే తప్ప అది వార్త కాలేదు. అప్పుడు కూడా చర్చ ఎక్కువగా ఆవిడ నడవడి మీదే. 2021లో సమంత భర్తతో విడిపోతే సంబంధాలు, గర్భస్రావాలు అంటగట్టారు. ఆవిడ కూకట్‌పల్లి కోర్టుకెక్కారు. ఒక మనిషికి తన కుటుంబం, పెళ్ళి, పిల్లలను కనడం వంటి విషయాల్లో ఏకాంత హక్కు ఉందని సుప్రీంకోర్టు 1994లోనే రాజగోపాల్ కేసులో చెప్పింది. ‘ట’ పెట్టి రాస్తే ఆ హక్కు వర్తించదని మనవాళ్ళ నమ్మకం కాబోలు.

పరిశ్రమలో లైంగిక వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీ వేసింది, 2022లో నివేదిక అందింది. మలయాళంలో హేమ కమిటీ నివేదిక బయటకొచ్చాక, 2024లో, మనదీ బయటపెట్టమని సమంత అడగాల్సి వచ్చింది. అమ్మడి ఇంటి గుట్టు రాత్రికి రాత్రే పట్టుకొచ్చేవాళ్ళు ఆ కాగితాలను పట్టుకురాలేకపోయారు.

ఇదంతా పూలామెకు చెప్పాను. మాల కట్టడం ఆపి, ‘అందులో మగోల పేర్లున్నాయేటమ్మా?’ అని అడిగింది. నేను చెప్పలేకపోయాను.