బరువు లెత్తునపుడు బెల్టు కట్టవలెనా?

తంగళ్ళపల్లినుండి మానేరు వంతెన దాటి సిరిసిల్లలోని వ్యాయామశాలకు పోవు మన విద్యార్థి యొకని తండ్రి యీనడుమ నాయొద్దకు వచ్చి, “సారూ, మావాడు తోలుబెల్టు కొనిమ్మని మంకుపట్టు పట్టినాడు. అది లేకున్న నడుము విరుగునట. కొనవలెనా?” అని యడిగెను. ఆయన మరమగ్గముపై పనిచేయువాడు. ఆ వెల ఆయనకు స్వల్పము గాదు. ఇట్టి సందేహము తక్కిన తల్లిదండ్రులకును గలుగవచ్చునని నా యభిప్రాయము నిచ్చట వ్రాయుచున్నాను.

బెల్టు బరువును మోయదు. బరువెత్తునపుడు మనము గాలి నిండుగ బీల్చి పొట్టను బిగింతుము. అందువలన నుదరములో నొత్తిడి హెచ్చి వెన్నెముకకు ఆధార మగును. బెల్టు చుట్టును గోడవలె నిలిచి ఆ యొత్తిడిని మఱింత పెంచును. పొట్ట బిగించుట నేర్వనివానికి అది వట్టి తోలుముక్క.

శ్రీకాకుళము జిల్లాకు జెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో, రెండు విధముల యెత్తుటలోను గలిపి 240 కిలోలెత్తి కంచు పతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారతీయ మహిళ యామెయే. అట్టి పోటీల నియమములు 12 సెంటీమీటర్ల వెడల్పునకు మించని బెల్టు ననుమతించునే గాని తప్పనిసరి చేయవు. ఏండ్లతరబడి సాధన చేసి తమ శక్తి కొలది నెఱిగినవారికి, మిక్కిలి పెద్ద బరువులయెడ అది సహాయకారి యనుట నిజమే.

అయితే, హమాలీలు సైతము తువ్వాలు నడుమునకు బిగింతురు గదా యని కొంద రందురు. అమెరికాలో దుకాణములందు సరకు లెత్తు తొమ్మిదివేలమందికి పైగా పనివారిని పరిశీలించి 2000లో ప్రకటించిన ఫలితములలో, నడుమునొప్పి విషయమున బెల్టు కట్టినవారికిని కట్టనివారికిని భేదము కానరాలేదు. ఆ బెల్టులు వ్యాయామశాలలోని తోలుబెల్టులవంటివి కావు. అయినను బెల్టే రక్షించునను నమ్మకమున కది హెచ్చరిక.

బాలుని బిలిచి విచారింపగా, తోటివానితో సమానముగ నెత్తబోయి నడుమునొప్పి తెచ్చుకొనినట్లు తేలినది. బెల్టు కట్టినచో ఆ బరువునే మరల నెత్తవలెనని వాని తలంపు! అపాయ మిచ్చటనే యున్నది.

కావున ఆ తండ్రితో, “ముందు వైద్యునకు జూపుడు. సొమ్ము దాచుకొనుడు” అంటిని. బాలునితో, “నొప్పి తగ్గినపిదప, శిక్షకుని యెదుట వట్టి కడ్డీతో వీపు వంగకుండ నెత్తుట నేర్చుకొనుము” అంటిని. ఊపిరి బిగబట్టినపుడు రక్తపుపోటు హెచ్చును గనుక, ఆ వ్యాధి గాని హెర్నియా గాని గల పెద్దలు వైద్యు నడుగక యీ సాధనకు బూనరాదు.

పిల్లలారా, తోటివాడెత్తిన బరువు మీ కొలత కాదు. నేడు తగ్గించుకొనిన బరువును రేపు పెంచుకొనవచ్చును. చెడిన నడుమును బాగుచేసికొనుట సులభము గాదు.