పంచాయతీల సొమ్ము

ఇంటి యజమానివి నీవే యని పేరిచ్చి, పెట్టె తాళపుచెవిని మాత్రము వేరొకని మొలత్రాటికి కట్టియుంచినచో ఆ యాజమాన్యమెట్టిదో, మన గ్రామ పంచాయతీల స్వపరిపాలనమట్టిది. గ్రామమునకు పంచాయతీ కలదు, పంచాయతీకి సర్పంచు కలడు, సర్పంచునకు కుర్చీయు ముద్రయు కలవు. వీధిదీపము వెలుగకున్నను, కుళాయిలో నీరు రాకున్నను, మురుగుకాలువ పొంగి యిండ్లలోనికి వచ్చినను జనులు పోయి తట్టునది ఆతని తలుపే. ఆ దీపము వెలిగించుటకును, ఆ కాలువ పూడిక తీయించుటకును కావలసిన పైకము మాత్రము ఆతని చేతిలో లేదు. మాట పడువాడొకడు, మూట పట్టువాడు మరియొకడు. ఈ విపరీతమును గూర్చి మేము నేడు నిర్మొగమాటముగా వ్రాయదలచితిమి.

ఇది నేటి తెగులు కాదు. 1882 మే 18వ తేదీని రిప్పను ప్రభువు ప్రకటించిన తీర్మానములో స్థానిక సంస్థలు ప్రజలకు రాజకీయ విద్య నేర్పు సాధనములని చెప్పబడెను. మాట గొప్పది. కాని 1884లో మన చెన్నరాజధానిలో లోకల్ బోర్డుల చట్టము వచ్చినప్పుడు జిల్లా బోర్డునకు అధ్యక్షుడుగా కూర్చుండినవాడు కలెక్టరే. బడి పెట్టిరి, పిల్లలను కూర్చుండబెట్టిరి, పలకలను మాత్రము పంతులు తన యొడిలోనే దాచుకొనెను. ఆ బడిలో చదువు రాలేదని పిల్లలను నిందించుట ఆనాటి దొరతనమువారికి పరిపాటి. ఈ కపటమును మన పెద్దలు నాడు సభలలో, పత్రికలలో ఎండగట్టిరి. స్వరాజ్యము వచ్చినపిమ్మట మన ప్రభుత్వములే ఆ పంతులు పీటపై కూర్చుండి, ఆ పలకలనే దాచుకొనుచున్నవి. మా బాధ యిది.

పన్నునకును ప్రజల సమ్మతికిని గల సంబంధము తెలుగువారికి ఒకరు నేర్పవలసినది కాదు. చీరాల పేరాలల కథ మన పాఠకులు మరచియుండరు. యూనియనుగా నున్న ఆ గ్రామములను ప్రజల యిష్టమునకు విరుద్ధముగా మునిసిపాలిటీగా మార్చగా, సాలునకు సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000 వరకు పోయెను. నేతపనివారు మొరపెట్టుకొనిరి, వినువారు లేకపోయిరి. అంతట 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనులు ఇండ్లు వాకిళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి సుమారు పదునొకండు నెలలు నిలిచిరి. వారు పన్ను కట్టలేని పిరికివారు కారు, సోమరులు కారు. మా యూరి పద్దు మా సమ్మతితో నడువవలెనన్నదే వారి పట్టుదల. అంతటి త్యాగము జరిగిన గడ్డపై ఈనాడు పంచాయతీ పద్దు ఎవరి సమ్మతితో నడుచుచున్నదో విచారింపవలదా?

శాసనము మాట చూతము. గ్రామ పంచాయతీలను నెలకొల్పి వానికి స్వపరిపాలనాధికారము లీయవలెనని రాజ్యాంగములోని 40వ అధికరణము ఆదేశించుచున్నది. అది నలుబదియేండ్లకు పైగా కాగితముమీదనే నిలిచినది. పిమ్మట 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న, పట్టణములకు సంబంధించిన 74వ సవరణ అదే సంవత్సరము జూన్ 1న అమలులోనికి వచ్చెను. పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 యనియు, పురపాలక సంఘములకు 18 యనియు పట్టికలు వ్రాయబడెను. ఇంతవరకు సంతోషమే. కాని ఆ యధికారములను రాష్ట్ర శాసనసభలు చట్టము ద్వారా "ఇయ్యవచ్చును" అని వ్రాసిరి గాని "ఇచ్చితీరవలెను" అని వ్రాయలేదు. ఆ "వచ్చును" అను చిన్న మాట సందులోనుండి ముప్పది సంవత్సరములుగా గ్రామముల హక్కు జారిపోవుచున్నది. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత దీనికొరకే పుట్టినదా యనిపించును.

అయినను కొన్ని విషయములలో రాజ్యాంగము సందు విడువలేదు. పాలకవర్గము కాలము అయిదేండ్లు, అంతకు మించి లేదు; ఆ గడువు తీరకమునుపే ఎన్నికలు ముగియవలెను. 2006లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఈ నియమమును మరల స్పష్టపరచినది. మన రాష్ట్రములలో జరిగినదేమి? ఉమ్మడి రాష్ట్రమున పంచాయతీల గడువు 2011లో తీరగా ఎన్నికలు 2013లో జరిగెను. పురపాలక సంఘముల గడువు 2010లో తీరగా ఎన్నికలు 2014లో జరిగెను. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో తీరిన గడువునకు 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు వచ్చెను. తెలంగాణములో 2024 జనవరి తుదకు గడువు తీరగా 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగెను. మంత్రివర్గములు మారినవి, పక్షములు మారినవి, జెండాల రంగులు మారినవి. ఈ యాచారము మాత్రము మారలేదు. ఒకప్పుడు రిజర్వేషన్లు తేలలేదనిరి, ఒకప్పుడు కోర్టులో వ్యాజ్యమున్నదనిరి, ఒకప్పుడు రోగము వ్యాపించినదనిరి. వీనిలో నిజమైన చిక్కులును గలవు, మేము కాదనము. కాని శాసనసభ యెన్నికలకు ఇట్టి చిక్కులు ఏండ్ల తరబడి యడ్డము రాకుండుటయు, పంచాయతీ యెన్నికలకే వచ్చుచుండుటయు ఎట్లు సంభవించుచున్నదో ఏలినవారే సెలవీయవలెను.

ఎన్నిక జరుగకున్న కలుగు నష్టము కేవలము మాననష్టము కాదు, ధననష్టము. 15వ ఆర్థిక సంఘము 2021 మొదలు 2026 వరకు అయిదేండ్లకు దేశములోని స్థానిక సంస్థలకై 4,36,361 కోట్ల రూపాయల గ్రాంటును సిఫారసు చేసెను. అందులో గ్రామీణ సంస్థలకు 2,36,805 కోట్లు, పట్టణ సంస్థలకు 1,21,055 కోట్లు. ఈ గ్రాంటు పొందుటకు ఎన్నికైన పాలకవర్గ ముండవలెననుట నియమము. కావున తెలంగాణములో సర్పంచుల స్థానమున ప్రత్యేకాధికారులు కూర్చున్న కాలమున కేంద్రమునుండి గ్రామములకు రావలసిన గ్రాంటు నిలిచిపోయెను. ఎన్నిక వాయిదా వేసినది రాష్ట్ర రాజధాని, పస్తున్నది పల్లె.

ఎన్నిక జరిగినచోట నైనను సుఖము కలదా? ఆంధ్రప్రదేశ్‌లో 2021లో గెలిచి పదవికి వచ్చిన సర్పంచులు ఏడాది తిరుగకమునుపే ఒక వింత చూచిరి. ఆర్థిక సంఘపు పద్దుక్రింద తమ పంచాయతీలకు వచ్చిన పైకము, పంచాయతీ తీర్మానము లేకయే, ఖాతాలనుండి తరలిపోయెను. అడుగగా విద్యుత్తు బాకీలక్రింద సర్దుబాటు చేసితిమని సమాధానము వచ్చెను. ఈ గ్రాంటు కేంద్రమునుండి చేరిన పది పనిదినములలో స్థానిక సంస్థలకు అందజేయవలెననియు, ఆలస్యమైన వడ్డీతో నీయవలెననియు ఆర్థిక సంఘము నియమము పెట్టియున్నది. కుడిచేతితో నిచ్చి ఎడమచేతితో లాగికొనినచో ఆ నియమము నెరవేరినట్లేనా?

కరెంటు వాడుకొనినవారు బిల్లు కట్టవలదా యని కొందరడుగుదురు. కట్టవలెను, మేమును అదియే చెప్పుచున్నాము. కాని కట్టుట వేరు, కొల్లగొట్టుట వేరు. బాకీ యెంతయో, ఏ మీటరుపై ఏ నెలకు ఎంత పడినదో పంచాయతీ ముందు పెట్టవలెను, సభ్యులు చర్చింపవలెను, తీర్మానము చేయవలెను, అప్పుడు సర్పంచు చెల్లింపవలెను. అప్పులవాడు సయితము వ్యాజ్యము వేసి డిక్రీ పొందక బాకీదారుని పెట్టె తెరువడు. విద్యుత్తు పంపిణీ సంస్థలు రాష్ట్ర ప్రభుత్వమువి. ఖజానా రాష్ట్ర ప్రభుత్వముది. సర్దుబాటు ఉత్తరువు రాష్ట్ర ప్రభుత్వముది. వాది, న్యాయాధిపతి, అమీను ఒక్కరే యైనచోట ప్రతివాది గతి యేమి? పోనిండు, లెక్కలే తేల్చుదమన్నచో, భూముల రిజిస్ట్రేషనుపై సర్‌చార్జిలోను గనుల సీనరేజిలోను స్థానిక సంస్థలకు చేరవలసిన వాటాల జాప్యమునకు ఎవరు ఎవరి ఖాతానుండి సర్దుకొనవలెను? ఆ మాట వచ్చినప్పుడు మాత్రము ఖజానాకు చెవుడు వచ్చును.

పైకము చేతికి వచ్చినను దానిని వినియోగించు స్వేచ్ఛ కొంచెమే. 15వ ఆర్థిక సంఘపు గ్రాంటులో నూటికి 60 వంతులు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కట్టివేయబడెను. తెలంగాణపు 2018 చట్టము పంచాయతీ బడ్జెటులో పదవవంతు మొక్కలకు కేటాయింపుమనెను. నీరు మంచిదే, మొక్క మంచిదే. కాని ఏ యూరికి ముందు మొక్క కావలెనో, ఏ యూరికి ముందు మోరీ కావలెనో ఆ యూరివారికి తెలియునా, సచివాలయములో కూర్చున్న కార్యదర్శికి తెలియునా?

పంచాయతీలు తమంతట తాము పన్నులు వసూలు చేసికొనవు, కావున వానికి దర్జా యెక్కడిదను ఆక్షేపణ యొకటి కలదు. ఇందు సత్యము లేకపోలేదు. రిజర్వు బ్యాంకువారు 2024లో ప్రకటించిన నివేదికలో పంచాయతీ యొక్కింటికి సగటున సొంత పన్నుల రాబడి 21,000 రూపాయలు మాత్రమే. పన్నులుగాని సొంత రాబడి 73,000. కేంద్రపు గ్రాంటు సుమారు 17 లక్షలు. రాష్ట్రపు గ్రాంటు మూడు లక్షల పైచిలుకు. ఇరువది లక్షల సంసారములో సొంత సంపాదన లక్షకు లోపు! ఇది సిగ్గుచేటు, కాని సిగ్గెవరికి? పన్ను విధించు అధికారము చట్టమునందుంచి, వసూలు చేయు సిబ్బందిని ఇయ్యక, ఇచ్చిన సిబ్బందిని పై యధికారుల యాజ్ఞలో నుంచి, వసూలైన పైకమును ఖజానా ద్వారమున నిలువరించినచో పన్ను కట్టు ఉత్సాహము జనులకెట్లు కలుగును? తాను కట్టిన రూపాయి తన వీధి దీపమై వెలుగుట చూచినవాడు రెండవ రూపాయి తానే తెచ్చియిచ్చును. తన రూపాయి ఎచటికి పోయెనో యెరుగనివాడు మొదటి రూపాయినే దాచుకొనును.

ఇక అవినీతి మాట. సర్పంచుల చేతికి సొమ్మిచ్చిన తినివేయుదురని అధికారులు పెదవి విరుచుదురు. తినువారు లేరని మేమనము. కాని సర్పంచు తిన్నచో ఊరివారు రచ్చబండయొద్ద నిలదీయగలరు, మరుసటి యెన్నికలో ఇంటికి పంపగలరు. రాజధానిలో మాయమైన సొమ్మును ఏ రచ్చబండయొద్ద నిలదీయుట? మీరు పాలించుకొనజాలరని ఆంగ్లేయులు మనలను గూర్చి యన్నప్పుడు మన నెత్తురు ఉడికెను. ఆ మాటనే నేడు మనవారు మన గ్రామములను గూర్చి యనుచుండ మనకేల చీమకుట్టినట్లైనను లేదు?

పట్టణవాసులగు మా పాఠకులు ఇది పల్లెల గోడు గదా యని యూరకుండరాదు. మన దేశములోని పురపాలక సంఘముల రాబడి యంతయు కలిపినను దేశపు స్థూలోత్పత్తిలో నూటికి ఒక వంతు మాత్రమేయని రిజర్వు బ్యాంకువారి 2022 నివేదిక తెలుపుచున్నది. బ్రెజిలు దేశమున నది 7.4 వంతులు, దక్షిణాఫ్రికాలో 6 వంతులు. ఆంధ్రప్రదేశ్ పట్టణములలో 2021లో వచ్చిన చెత్తపన్నును మీరెరుగుదురు. అది కౌన్సిళ్లలో పుట్టిన యాలోచన కాదు, పైనుండి దిగిన పథకము. జనులు గొణగిరి. తరువాతి ప్రభుత్వము 2024లో దానిని రద్దుచేసినది. విధించినప్పుడును పట్టణమునడుగలేదు, ఎత్తివేసినప్పుడును పట్టణమునడుగలేదు. చెత్త యెత్తు ఖర్చు మాత్రము పట్టణము నెత్తిననే యున్నది. పన్ను తగ్గినందుకు సంతసింతుము గాక. మన యూరి పన్నును పెంచుటయు తగ్గించుటయు మన చేతిలో లేదను సంగతి మరువరాదు.

ఇది యసాధ్యమైన కోరిక కాదు. పొరుగున కేరళలో 1996లో జనకీయ ప్రణాళికను ప్రారంభించి, రాష్ట్ర ప్రణాళికా ధనములో 35 మొదలు 40 వంతుల వరకు స్థానిక సంస్థలకు వదలిరి. ఏ పంచాయతీకి ఎంతయో బడ్జెటు పత్రముతో పాటు నాలుగవ అనుబంధముగా అచ్చువేసి శాసనసభ ముందుంచుట అచటి యాచారము. సంఖ్య యచ్చులో నున్నచో దొంగిలించుట కష్టము. అచట సాధ్యమైనది ఇచట కాకపోవుటకు కారణము వెదకనక్కరలేదు. ఇయ్యవలెనను మనసు లేదు.

కావున మా కోరికలు నాలుగే. గడువు తీరకమునుపే ఎన్నికలు జరుపుడు. పంచాయతీ తీర్మానము లేనిది పంచాయతీ ఖాతానుండి ఒక్క రూపాయియైనను ఏ బాకీక్రిందను సర్దుబాటు చేయకుడు. రాజ్యాంగము విధించినట్లు అయిదేండ్లకొకమారు రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమించి, దాని నివేదికను, దానిపై తీసికొనిన చర్యను శాసనసభ ముందుంచుడు. ప్రతి పంచాయతీకి, ప్రతి పురపాలక సంఘమునకు రావలసిన వాటాను బడ్జెటులోనే పేరుపేరున అచ్చువేయుడు.

16వ ఆర్థిక సంఘపు కాలము 2026–27తో ప్రారంభమై 2030–31 వరకు సాగును. ఈ అయిదేండ్ల సొమ్మైనను పల్లెకు చేరునా, పాత త్రోవనే పట్టునా? ఇది ప్రభుత్వముల దయపై విడువదగిన ప్రశ్న కాదు. పాఠకులారా! మీ పంచాయతీకి ఈ యేడు వచ్చినదెంత, పోయినదెంత, ఎవరి తీర్మానముతో పోయినది? గ్రామసభకు పోయి యడుగుడు. పట్టణమున కౌన్సిలరు నడుగుడు. ఆ లెక్కను కాగితముపై వ్రాయించి మీ పఠనాలయపు గోడకు అంటింపుడు. చీరాల ప్రజలు తమ హక్కునకై ఇండ్లు విడిచిరి. మనము ఇల్లు విడువనక్కరలేదు. వీధిలోనికి వచ్చి లెక్క యడిగిన చాలును. లెక్క యడుగని ప్రజకు స్వరాజ్యము ఢిల్లీలో నుండవచ్చును, హైదరాబాదులో నుండవచ్చును, అమరావతిలో నుండవచ్చును; వారి వీధిలో మాత్రము ఉండదు.